కోర్టు వెళ్లిపోయాక మిగిలిన బోర్డు

నేను ఒక బోర్డుని. ఆరడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, మంచి బర్మా టేకు. బోర్డునయ్యాక చాలా ఏళ్లు వేలాడటం తప్ప ఇంకో పని చేయలేదు. అయినా అలిసిపోయాను. పొద్దస్తమానం ఎవరో ఒకరు తల పైకెత్తి చదువుతూ ఉంటే ఎంత అలుపు వస్తుందో చదివేవాళ్లకి తెలియదు.

నందిమెట్టలో రథం వీధి చివర పాత కచేరీ అని ఒక పెద్ద భవనం ఉంది. దొరల కాలంలో దాన్ని ఉప్పు ఆఫీసు కోసం కట్టారు. సున్నంలో బెల్లపు నీళ్లు పోసి గానుగలో రుబ్బి, రెండడుగుల మందాన గోడలు లేపారు. తలుపులు కోయగా మిగిలిన చెక్కని నేను. ఎందుకైనా పనికొస్తుందని అటక మీద పడేశారు. అక్కడ పడుకునే చాలా సంగతులు విన్నాను. ఉప్పు ఆఫీసు వెళ్లిపోయి తాలూకా కచేరీ వచ్చింది. తాలూకా కచేరీ వెళ్లిపోయి మునసబు కోర్టు వచ్చింది. వెళ్లేవాళ్లు ప్రతిసారీ ఏదో ఒకటి వదిలిపెట్టి వెళ్లేవారు. ఉప్పువాళ్లు గోడలకి చెమ్మ వదిలారు. ఎన్నిసార్లు సున్నం కొట్టినా అది తెల్లగా పొట్టు రాలుతూనే ఉండేది. తాలూకావాళ్లు పొలాలు కొలిచే తెగిన గొలుసు ఒకటి వదిలారు. వచ్చినవాళ్లు మాత్రం ఆ భవనం తమకోసమే కట్టారనుకునేవారు.

రాష్ట్రం ఏర్పడ్డాక తెలుగులో బోర్డు కావలసి వచ్చింది. అప్పటిదాకా ఉన్న ఇంగ్లీషు బోర్డుని చెదలు తినేశాయి. అటక మీదనుంచి నన్ను దించి సింహాచలం అనే పెయింటరుకి అప్పగించారు. ఆయన నిదానస్థుడు. సఫేదా అనే తెల్లపొడి కలిపిన చిక్కటి రంగుతో ఒక్కో అక్షరాన్ని మూడు పూతలు వేశాడు. "ఏటి సింహాచలం, ఇంకా అవలేదా?" అని గుమాస్తా విసుక్కుంటే, "అక్షరం కంటికి కనిపిస్తే చాలదండి, వేలికి తగలాలి. అప్పుడే వానకి నిలుస్తాది" అన్నాడు. అలా నా మీద "జిల్లా మునసబు కోర్టు" అని తేలింది.

అయితే ఆ రోజుల్లో మునిసిపాలిటీకి సొంత చోటు లేదు. రెండో శనివారం కోర్టుకి సెలవు కనక అదే హాల్లో కౌన్సిలు కూర్చునేది. మునసబుగారి కుర్చీలో చైర్మను, ప్లీడర్ల బెంచీల మీద మెంబర్లు. మరి బయట కోర్టు అని రాసి ఉంటే ఎలా అని ఒక మెంబరుకి పౌరుషం వచ్చింది. రెండో బోర్డుకి డబ్బులేవీ అన్నారు. చివరికి సింహాచలం చేతే నా వీపు మీద కూడా రాయించారు, "పురపాలక సంఘము" అని. రెండు కొక్కేలకి నన్ను తగిలించారు. రెండో శనివారం పొద్దున్న తిరగేయడం, సాయంత్రం మళ్లీ తిరగేయడం. ఆ పని రాములు అనే బంట్రోతుది. నిచ్చెనెక్కి, తలగుడ్డతో నా మొహం తుడిచి, గడియారం తిప్పినంత శ్రద్ధగా నన్ను తిప్పేవాడు. ఊళ్లో జనం నన్ను చూసి ఆ వేళ రెండో శనివారమని తెలుసుకునేవారు.

తర్వాత మునిసిపాలిటీ ఒక రైసుమిల్లు గోదాములోకి అద్దెకి వెళ్లిపోయింది. రాములు రిటైరైపోయాడు. నన్ను తిప్పేవాళ్లు లేకపోయారు. ముప్పై ఏళ్లు కోర్టు మొహంతోనే ఉండిపోయాను. అయిదేళ్లకోసారి అవే అక్షరాల మీద కొత్త రంగు పూసేవారు, అవి ఇంకా ఇంకా దళసరెక్కేవి. వీపు మీద ఏముందో దాదాపు అందరూ మర్చిపోయారు. అటు బల్లి ఒకటి కాపురం పెట్టింది.

నా కింద ఎంతమంది నిలబడ్డారని! వాయిదా పడితే కొందరు ఏడ్చారు, కొందరు ఊపిరి పీల్చుకున్నారు. తీర్పు విని బయటికొచ్చిన అన్నదమ్ములిద్దరూ ఒకే బీడీని చెరోసగం కాల్చుకున్నారు. నా అభిప్రాయం ఎవరూ అడగలేదు. బోర్డుకి అభిప్రాయం ఉండకూడదు కూడా. ఉన్నమాట రాసుకుని ఉంటే చాలు.

ఆ ఉన్నమాట దగ్గరే నేను తప్పిపోయాను.

ఊరికి రెండు మైళ్ల దూరంలో, బైపాసు రోడ్డు మీద కొత్త కోర్టు కట్టారు. ఒక సోమవారం లారీలు వచ్చాయి. బీరువాలు, కట్టలు, బోను, మునసబుగారి కుర్చీ, ఆఖరికి చెప్పులు విడిచే చోట పరిచిన గోనెపట్టా కూడా ఎక్కించారు. నన్ను దించలేదు. వారం తిరక్కుండా గోదాములోంచి మునిసిపాలిటీ వచ్చి దిగింది. వాళ్లదొక చిన్న రేకు బోర్డు ఉంటే పక్కగేటు స్తంభానికి కట్టారు. సింహద్వారం మీద నేను మామూలుగానే ఉన్నాను.

నన్ను తీసేయాలని ఎవరికీ తోచలేదనుకోకండి. అందరికీ తోచింది. మునిసిపాలిటీవాళ్లు కోర్టుకి రాశారు, మీ బోర్డు మీరు తీసుకెళ్లండని. బోర్డు భవనంలో భాగం, భవనాల శాఖని అడగండని కోర్టువాళ్లు జవాబిచ్చారు. భవనం మాదే గానీ దాని మీది రాత మాది కాదని భవనాల శాఖ రాసింది. ఈ ఉత్తరాలతో ఒక ఫైలు తయారై, దానికి నంబరు పడి, ఏడు నెలల్లో బొటనవేలంత లావెక్కింది. రెండు కొక్కేల మీంచి ఎత్తి తిరగేస్తే నా వీపు మీద వాళ్ల పేరే ఉంది. అది ఆ ఉత్తరాలు రాసేవాళ్లెవరికీ తెలియదు.

ఊళ్లోవాళ్లకి ఇబ్బంది లేదు. కోర్టు ఎక్కడికి వెళ్లిందో రిక్షావాళ్లకీ తెలుసు. పల్లెలనుంచి వచ్చేవాళ్లే నన్ను నమ్మేవారు.

ఏడో నెలలో ఒక గురువారం, ఇంకా పది కాకుండానే ఒకావిడ వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. నేత చీర, చేతిలో మడతపెట్టిన సమను. గేటు ఎదురుగా రోడ్డు మీదే నిలబడి, వేలు గాల్లో ఆడిస్తూ నన్ను చదవడం మొదలుపెట్టింది. "జకి గుడిస్తే జి... లకి దీర్ఘం, కింద లావత్తు..." పక్కనుంచి బండ్లు పోతున్నాయి. ఆవిడ కదల్లేదు. "కో" దగ్గర కాస్త ఆగింది. "కోర్టు" అని పూర్తయ్యాక చేతిలో కాగితం చూసుకుంది, మళ్లీ నన్ను చూసింది, నవ్వుకుంది. నలభై ఏళ్లలో నన్ను అంత ఆనందంగా చదివినవాళ్లు లేరు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ లోపల పుచ్చు తొలిచినట్టు ఉంటుంది.

ఆవిడ పేరు లెంక దాలమ్మ. మొగుడు పోయి ఆరేళ్లు. అతను ఇచ్చి పోయింది ఎకరన్నర జీడితోట; అదే ఆవిడ తిండి. అది ఉమ్మడి ఆస్తి, తనకే రావాలని మరిది సన్యాసి దావా వేశాడు. ఆ వేళ మొదటి వాయిదా. ప్లీడర్ని ఇంకా పెట్టుకోలేదు. "ముందు నువ్వెళ్లి పేరు పిలిస్తే పలుకు, తర్వాత చూసుకోవచ్చు" అని ఊళ్లో ఎవరో చెప్పారు. వాళ్ల ఊళ్లో పెద్దవాళ్లకి సాయంత్రాలు చదువు చెప్పే బడి ఒకటి మూడేళ్లు నడిచింది. దాలమ్మ అక్కడే అక్షరాలు నేర్చుకుంది. తోడెవరూ లేకుండా ధైర్యంగా బస్సెక్కింది అందుకే.

వరండాలో బెంచీ మీద కూర్చుంది. ఇక్కడ ఇంకో పొరపాటు జరిగింది. కోర్టు వరండాలో లాగే మునిసిపాలిటీ వరండాలోనూ పేర్లు పిలుస్తారు. జనన మరణ ధ్రువపత్రాలు తయారైనవాళ్లని తవుడు అనే అటెండరు గుమ్మంలో నిలబడి గట్టిగా కేకేసేవాడు. ఆ తవుడు ఎవరో కాదు, పూర్వం నన్ను తిప్పిన రాములు కొడుకే. గొంతు మాత్రం తండ్రికి నాలుగింతలు. "బోర చిన్నమ్మా! బలగ అప్పలస్వామీ!" పిలిచినప్పుడల్లా దాలమ్మ సర్దుకుని కూర్చునేది. తనది కాకపోతే మళ్లీ వెనక్కి జారగిలబడేది. అన్నం మూట తెచ్చుకుంది గానీ విప్పలేదు, తింటుండగా పిలుస్తారేమోనని. మంచినీళ్ల కుండ పది అడుగుల దూరంలో ఉంది. అక్కడికీ వెళ్లలేదు.

సాయంత్రం అయిదింటికి తవుడు తలుపులు వేస్తూ ఆవిడని చూశాడు.

"ఏటప్పా, పొద్దుట్నుంచి కూకున్నావు? నీదేటి, పుట్టుకా, సావా?"

"ఏటి నాయనా అలాగంటావు? నాది కేసు."

"కేసేటి?"

"దావా. లెంక దాలమ్మంటే నానే. ఇంకా పిలవనేదు."

తవుడు పకపకా నవ్వాడు. "కోర్టు ఎత్తీసి ఏడు నెల్లయిందప్పా! బైపాసు కాడికెళ్లిపోనాది. ఇది మునిసిపాల్టీ. పొద్దల్లా మా కుర్చీలకి వాయిదా కట్టేవా?"

దాలమ్మ నవ్వలేదు. లేచి మెట్లు దిగి, వెనక్కి తిరిగి నన్ను చూపించింది. "మరి అలాగని రాసుంది కదా నాయనా. నాను సదివినాను."

తవుడు తల పైకెత్తి నన్ను చూశాడు. నవ్వు ఆగిపోయింది. నాకు కొక్కేలు ఊడి కింద పడిపోతే బాగుండుననిపించింది. పడలేదు. బర్మా టేకు కదా.

ఆవిడ ఆ రెండు మైళ్లూ నడుచుకుంటూ వెళ్లింది. కొత్త కోర్టుకి తాళం వేసి ఉంది. మర్నాడు వెళ్తే గుమాస్తా తల ఎత్తకుండానే చెప్పాడు, "నిన్న మూడుసార్లు పిలిచాం. పలకలేదు. ఎక్స్‌పార్టీ, నువ్వు లేకుండానే విచారణ." వచ్చే వారానికి డిక్రీ అయిపోయింది. జీడితోట సన్యాసిదైపోయింది. ఆ డిక్రీ కొట్టేయించుకోవడానికి గడువు ముప్పై రోజులు.

ఆకెళ్ల నారాయణమూర్తి అని ఒక ముసలి ప్లీడరు ఈ కేసు తీసుకుని, డిక్రీ కొట్టేయమని పిటిషను వేశాడు. ఆయన కోటు నల్లగా ఉండేదని పాతవాళ్లు చెప్పేవారు. ఆయన మునిసిపాలిటీకి ఉత్తరం రాశాడు, ఫలానా తేదీన మీ సింహద్వారం మీద కోర్టు బోర్డు ఉన్నట్టు ధ్రువీకరించమని. ఏడు నెలలు కదలని ఫైలు ఒక్క పూటలో కదిలింది. పొద్దున్నే నిచ్చెన వచ్చింది, నన్ను దించారు. మధ్యాహ్నానికి, వెనక ఏముందో చదవకుండానే, రెండు వైపులా తెల్లరంగు పూసేశారు. సాయంత్రానికి జవాబు వెళ్లింది, "అటువంటి బోర్డు ఏదియును ఈ కార్యాలయమునకు లేదు" అని. రాసినప్పటికి అది నిజమే. ఆఫీసులు అబద్ధం చెప్పవు, ముందు నిజాన్ని మార్చుకుంటాయి. "చెత్త ఇచ్చట వేయరాదు" అని నా మీద రాయించాలని పెంకుల షెడ్డులో ఆరబెట్టారు.

అక్కడికి తవుడు రెండుసార్లు వచ్చి చూసి వెళ్లాడు. అతని ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. "నువ్వేం చూడలేదు, నీకేం తెలీదు" అని పై అధికారి చెప్పి ఉన్నాడు. మూడోసారి వచ్చినప్పుడు నా పక్కన గొంతుకు కూర్చున్నాడు. "మా అయ్య సేతుల మీద తిరిగిన బోర్డువి. నీ మూలంగా ఒక మనిషిని అడ్డంగా నవ్వేసినాను" అన్నాడు. నాతో మాట్లాడిన మనిషి అతనొక్కడే. వాయిదా రోజు పొద్దున్న నన్ను గోనెసంచుల్లో చుట్టి, రిక్షాలో వేసుకుని, బైపాసుకి తీసుకెళ్లాడు.

కొత్త కోర్టులో గోడలు ఇంకా పచ్చివాసన కొడుతున్నాయి. మునసబుగారు కుర్రవాడు, జలుబుతో ఉన్నాడు. నన్ను బల్ల మీద పడుకోబెట్టి, ఎ-1 అని చీటీ అంటించారు. పదిహేను వందల కేసులు విన్న హోదాలో నేను అక్కడికి వెళ్లవలసింది. తెల్లమొహంతో, సాక్షిగా వెళ్లాను.

తవుడు బోనెక్కి ఉన్నదున్నట్టు చెప్పాడు. అప్పుడు సన్యాసి ప్లీడరు గోవిందరాజులు లేచాడు.

"బోర్డు ఉందనే అనుకుందాం సార్. ఈవిడ చదివితే కదా మోసపోవడానికి? ఇదిగో భర్త రాసిచ్చిన దస్తావేజు. ఇందులో ఈవిడది వేలిముద్ర. నిశానీ మనిషి బోర్డు చదివి దారి తప్పిందంటే నమ్మమంటారా? తోట మీద ఆశ వదులుకుని ఇంట్లో కూర్చుంది. ఇప్పుడు ఎవరో కథ నేర్పారు."

మునసబుగారు ముక్కు తుడుచుకుని దాలమ్మ వంక చూశాడు. "ఏమ్మా, చదువొచ్చా?"

"ఆ దస్తావేజు నాటికి రాదు బాబూ. ఇప్పుడు ఒచ్చు."

"ఏముందమ్మా ఆ బోర్డు మీద?"

"జిల్లా మునసబు కోర్టని ఉంది బాబూ."

"చూశారా సార్, బట్టీ పట్టించారు!" అన్నాడు గోవిందరాజులు. "ఆ మాట పిట్టకి నేర్పినా పలుకుతుంది."

నారాయణమూర్తి లేచి, "రంగు పూసినా అక్షరాలు ఎత్తుగానే ఉన్నాయి సార్. తడిమి చదవమనండి" అన్నాడు.

దాలమ్మ బల్ల దగ్గరికి వచ్చింది. కొంగుతో చెయ్యి తుడుచుకుంది. జీడిపాలు అంటి నల్లగా పొక్కిపోయిన వేళ్లు అవి. చూపుడువేలు నా మీద ఆనింది. నలభై ఏళ్లు కళ్లే నన్ను చదివాయి. వేలు చదవడం అదే మొదలు. నెమ్మదిగా జరుగుతోంది, ఆగుతోంది, వెనక్కి వెళ్లి మళ్లీ వస్తోంది.

ఆవిడ మొహం మారింది.

"ప..." అంది. "పకి కొమ్మిస్తే పు."

గోవిందరాజులు కూర్చున్నచోటే నవ్వాడు. సన్యాసి పక్కవాడిని మోచేత్తో పొడిచాడు.

"పు... ర... పా..." దాలమ్మ వేలు తీసేసింది. "ఇది అది కాదు బాబూ. ఆవేళ నాను సదివింది జితో మొదలెట్టింది. దీని మీద ఇంకేటో ఉంది. పురపా... లక... నాను సదివిన బోర్డు ఇది కాదు."

"అయిపోయింది సార్" అన్నాడు గోవిందరాజులు. "ఆవిడే ఒప్పుకుంది."

అప్పుడు వెనకనుంచి తవుడు గొంతు లేచింది. జనన మరణాలన్నీ పిలిచిన గొంతు. కొత్త గోడలు అదిరాయి. "తిరగేసి పెట్టేసినారు బాబూ! అది మునిసిపాల్టీ వైపు! మా అయ్య తిప్పీవోడు, రెండో శనివారం!"

ఇద్దరు బంట్రోతులు నన్ను తిరగేశారు. దాలమ్మ మళ్లీ వేలు పెట్టింది. ఈసారి వేలు ఎక్కడా ఆగలేదు. జి నుంచి టు దాకా చదివింది. "ఇదీ" అంది. అరచేత్తో నన్ను ఒక్కసారి తట్టింది, తప్పిపోయిన గేదె దొరికితే తట్టినట్టు.

నేర్పి తెచ్చినవాళ్లయితే కోర్టు మాటే నేర్పుతారు గానీ, నా వీపు మీది మాట నేర్పి ఇది ఆ బోర్డు కాదని చెప్పించరు. మునసబుగారు గోవిందరాజుల్ని అడిగాడు, "మీరేమైనా చెప్తారా?" ఆయన కాగితాలు సర్దుకున్నాడు. ఆ వేళే డిక్రీ కొట్టేశారు.

కథ అయిపోయిందనుకుంటారు. డిక్రీ కొట్టేస్తే కేసు గెలిచినట్టు కాదు, మొదలైనట్టు. ఎనిమిదేళ్లు నడిచింది. తవుడిని రెండు నెలలు పనిలోంచి తీసేసి, ఏ కాగితం ఎక్కడుందో ఇంకెవరికీ తెలియక మళ్లీ పిలిచారు. నారాయణమూర్తి కాలం చేశాడు. నేను మాత్రం ఎగ్జిబిటుని కనక రికార్డు గదిలో, కట్టల మధ్య గోడకి ఆనుకుని ఉండిపోయాను. పైకి తీసుకెళ్లి తగిలించేవాళ్లు లేరు, చదివేవాళ్లు లేరు. మొదట హాయిగానే ఉండేది. తర్వాత దుమ్ము.

చివరికి తోట దాలమ్మదే అని తీర్పు వచ్చింది. అప్పటికి ఒక తుఫాను సగం చెట్లని పడగొట్టేసింది. అప్పీలు గడువు దాటాక, పనికిరాని ఎగ్జిబిట్లు ఎవరివి వాళ్లు తీసుకెళ్లండని నోటీసు వేశారు. మునిసిపాలిటీవాళ్లు ఆ బోర్డు కోర్టుదన్నారు. కోర్టువాళ్లు భవనాల శాఖదన్నారు. భవనాల శాఖవాళ్లు జవాబే రాయలేదు. పొయ్యిలో పెట్టేద్దామనుకుంటున్నారు.

ఒక రోజు దాలమ్మ వచ్చింది. జుట్టు నెరిసిపోయింది. దస్తావేజు తీసుకోవడానికి వచ్చి, గోడవారన నన్ను చూసింది.

"అది ఎవరిది బాబూ?" అంది.

"ఎవరిదీ కాదట" అన్నాడు గుమాస్తా.

"అయితే నాది."

గుమాస్తా రిజిస్టరు ముందుకి తోసి, అలవాటుగా సిరాదిమ్మె కూడా తోశాడు. దాలమ్మ దిమ్మెని వెనక్కి జరిపి, కలం అడిగింది. సంతకం అయ్యేదాకా అతను ఓపిక పట్టాడు. కొంచెం సేపే పట్టింది.

ఇప్పుడు నేను జీడితోటలో ఉన్నాను. రెండు రాళ్ల మీద అడ్డంగా వేసింది. తెల్లరంగు ఎండకి పెచ్చులూడింది. ఒక్కోరోజు ఇటు, ఒక్కోరోజు అటు తిప్పుతుంది. ఎటు తిప్పినా ఏదో ఒక ఆఫీసే. ఆవిడకి అదేమీ పట్టదు. నా మీద జీడిపిక్కలు ఆరబోస్తుంది. కింద నేల వాలుగా ఉంటుంది, గాలి కూడా ఎక్కువే. నున్నటి చెక్క మీదయితే పిక్కలు దొర్లి కింద పడిపోయేవి. సింహాచలం వేసిన అక్షరాలు అడ్డంగా నిలిచి వాటిని ఆపుతాయి.